ఒడ్డున దించిన బిడ్డ

మా మేస్త్రీ నోరు మూయించిన మనిషిని నా జన్మలో ఒకే ఒక్కత్తిని చూశాను. ఆమె తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఒక పేరు చెప్పమని అడిగింది, అంతే.

మాది టార్పాలిన్ల షాపు. లారీల మీద కప్పే పరదాలు, పడవలకు తెరచాపలు, ఎండకు కట్టుకునే గుడ్డలు అన్నీ అక్కడే కుట్టేవాళ్ళం. రేవు పక్క వీధిలో పొడవాటి రేకుల షెడ్డు. నేల మీద గుడ్డ పరిచి, దానికి ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ కూర్చునేవాళ్ళం. చేతిలో దబ్బనం, దాన్ని నెట్టడానికి అరచేతికి తోలు పట్టీ, పక్కన దారానికి రాసే మైనం ముద్ద. నా ఎదురు చివర కూర్చునేది ఓడలమ్మ. ఆమె అసలు పేరు జీతం ఇచ్చేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం తిండి అయింది. ఓడలమ్మ ఎప్పటిలాగే గోడకు ఆనుకుని పుస్తకం చదువుకుంటోంది. మా మేస్త్రీకి తిన్నది అరగాలంటే ఎవరినో ఒకరిని గిల్లాలి. "తల్లేమో ఎవడితోనో ఓడెక్కి లేచిపోయింది. కూతురు పుస్తకాల్లో ఓడలెక్కుతోంది. నయం, ఇది సాయంత్రానికి ఇంటికొస్తుంది," అన్నాడు. నలుగురు నవ్వారు.

ఓడలమ్మ పుస్తకం మూసింది. "ఎవడితో, మావయ్యా?" అంది.

"ఏమో, ఎవడితోనో."

"అదే అడుగుతున్నా. ఆ ఎవడో ఎవడు? మా అమ్మ పోయిన మర్నాడు ఈ రేవులో ఏ ఇంట్లో మగాడు తక్కువయ్యాడో చెప్పు."

మేస్త్రీ పళ్ళు కుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఊరుకోలేదు. వీధి మొదటి నుంచి అందుకుంది. తాళ్ళ కొట్టాయన? ఉన్నాడు, తర్వాత ఎన్నేళ్ళకో దగ్గుతో పోయాడు. పడవల వడ్రంగి? ఉన్నాడు. కమ్మరి? వాడు మంచం మీద ఉన్నాడు, కాలు విరిగి. షెడ్డులో ముసలివాళ్ళకి హుషారొచ్చింది. పోయినవాళ్ళనీ ఉన్నవాళ్ళనీ తలా ఒకర్ని గుర్తు చేశారు. మాట జారిన మేస్త్రీయే ఇద్దర్ని గుర్తు చేశాడు పాపం, వాళ్ళూ ఎక్కడికీ పోలేదు. వీధి అయిపోయింది. ఒక్క మగాడూ తగ్గలేదు.

"అయితే ఓడలోవాడే అయ్యుంటాడు," అన్నాడు మేస్త్రీ.

"ఆ ఓడ ఇక్కడ ఆగింది తెరచాప చినిగి. ఆ చాప కుట్టింది మా అమ్మ. ఇదే షెడ్డులో, మీ నాన్న ఎదురుగా. మీ నాన్న మేస్త్రీగా ఉన్నప్పుడు ఒక్కత్తీ మంచినీళ్ళకి లేచింది లేదని రోజూ మాకు చెబుతావే. మరి ఏ కుట్టుకీ ఏ కుట్టుకీ మధ్య ప్రేమించింది?"

రేకులు ఎగిరిపోయేలా నవ్వారందరూ. మేస్త్రీ కూడా చివరికి నవ్వాడు, "మధ్యలో మా నాన్ననెందుకు లాగుతావే," అని గొణుక్కుంటూ, ఎవరూ పిలవకపోయినా పని ఉన్నట్టు బయటికి నడిచాడు. ఆ తర్వాత మా షెడ్డులో 'ఎవడో' అన్న మాట వినపడలేదు.

ఆమె గెలిచిందని అందరూ అనుకున్నారు. ఎదురు చివర కూర్చున్నదాన్ని కాబట్టి ఆ గెలుపు ఏం చేసిందో నేను చూశాను.

పొడుగు కుట్టు ఒక్కరు వేస్తే రోజంతా పడుతుంది. అందుకని ఇద్దరం రెండు చివరల నుంచి మొదలుపెట్టి మధ్యలో కలుస్తాం. ఇద్దరి చెయ్యీ ఒకేలా సాగాలి. ఒకరు బిగించి ఒకరు వదులుగా లాగితే, కలిసే చోట ఒక పక్క గుడ్డ మిగిలిపోయి ఉబ్బుతుంది. దాన్ని మేము 'కడుపు' అంటాం. కడుపు వచ్చిన చాప గాలి పట్టదు, మొత్తం విప్పాల్సిందే. ఓడలమ్మా నేనూ కూర్చుంటే కడుపు రాదని పేరు. ఆ సాయంత్రం వచ్చింది, మామూలు కడుపు కాదు, నెలలు నిండిన కడుపు. నా చెయ్యి ఎప్పటిలాగే ఉంది. ఆమె కుట్లు చూస్తే గుడ్డను పీక పిసికినట్టు ఉన్నాయి.

విప్పుతూ కూర్చున్నాం. తల ఎత్తకుండానే అంది: "ఎవడూ లేడని అందరి చేతా ఒప్పించాను అక్కా. ఎవడో ఒకడు ఉంటే బాగుండేది."

"అదేంటే?"

"వాణ్ణి తిట్టుకుంటూ బతికేసేదాన్ని. ఎవడూ లేకపోతే నన్ను దేనికోసం వదిలినట్టు?"

దేనికైనా జవాబు చెప్పే నోరు నాది. కావాలంటే మా అత్తవారి వైపు అడగండి. ఆ రోజు మాత్రం ఆమె వైపు కుట్లు కూడా నేనే విప్పాను.

తల్లి వెళ్ళేనాటికి ఓడలమ్మకు పాలపళ్ళు కూడా ఊడలేదు. తండ్రి అంతకుముందే పోయాడు. కుట్టిన చాపను కట్టి చూపించడానికి తల్లి ఓడెక్కింది. పిల్లను మేనత్త చంకన వేసుకుని రేవు గట్టు మీద నిలబడింది. ఓడ కదిలింది, తల్లి దిగలేదు. పిల్లకు గుర్తున్నది తల్లి వీపు. జడ ముడి వేసుకుని ఉందట. ఎడమ చేతికి తోలు పట్టీ ఇంకా తీయలేదట. ముఖం మాత్రం ఎంత గింజుకున్నా గుర్తుకు రాదు. "ఒక్కసారి తిరిగుంటే ముఖం గుర్తుండేది అక్కా," అనేది.

మేనత్త చెడ్డది కాదు. కడుపునిండా పెట్టింది. కానీ పెట్టే ప్రతి ముద్దకీ "నీ తల్లి ఎవడి వెనకో పోయింది, తిను" అని నంజుకోవడానికి ఒక మాట వేసేది. ఎదిగాక ఆ పిల్ల తల్లి కూర్చున్న షెడ్డులోకే పనికి వచ్చింది. దూరపు రేవుల నుంచి ఏ పాత తెరచాప బాగుకొచ్చినా ముందు తను విప్పి చూసేది. చినుగు కోసం కాదు, పాత అతుకుల కోసం. తల్లిది ఎడమ చేతి వాటం. ఎడమ చేతి కుట్టు ఎదురు పక్కకు వాలుతుంది, మా పనివాళ్ళకి చూడగానే తెలుస్తుంది. ఒకసారి అలా వాలిన అతుకు ఒకటి దొరికింది. రోజంతా దాని మీద చెయ్యి తీయలేదు. సాయంత్రం ఆ పడవవాడు వస్తే, ఎవరు కుట్టారు బాబూ అని మెల్లగా అడిగింది. వాడు వెళ్ళి కుట్టినవాణ్ణే పట్టుకొచ్చాడు. బొడ్డుదాకా గడ్డం. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "మీ అమ్మకి బాగా గడ్డం పెరిగిందే," అన్నాను. తనూ నవ్వింది, ముక్కు తుడుచుకుంటూ.

చాపల్లో దొరకని తల్లిని పుస్తకాల్లో వెతికింది. మా వీధి చివర అద్దెకు పుస్తకాలిచ్చే కొట్టు ఉండేది. దాని మనిషిని కళ్ళజోడాయన అనేవాళ్ళం. ఓడ మీద ఆడది ఉన్న పుస్తకం కావాలని ఆయన్ని అడిగిందట. ఓడల పుస్తకాలకేం, బోలెడున్నాయి. వాటిలో ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి చేతులూపుతారు, అంతటితో వాళ్ళ పని సరి. ఓడెక్కిన ఆడదాని కథ అంటే సముద్రపు దొంగల పుస్తకాల్లోనే ఉంది. ఎప్పుడో, ఎక్కడో దూరదేశాల్లో, మగబట్టలు వేసుకుని ఓడలు దోచిన ఆడవాళ్ళు నిజంగానే బతికారట. తల్లి కోసం దొంగల్లోకి పోవాల్సి వచ్చింది పాపం.

ఆ పుస్తకాల అట్టలు చూస్తే మాకు సిగ్గేసేది. జుట్టు విరబోసుకుని, భుజం మీద రవిక జారి, చేతిలో కత్తి. ఓడలమ్మ టార్పాలిన్ ముక్కతో ఒక తొడుగు కుట్టుకుంది, ఏ పుస్తకం తెచ్చినా దానికే వేసేది. అలా తెచ్చి తిండి వేళ మాకు చదివి వినిపించేది. చదువురాని నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ పేజీల మీదే. నేను మొదట కూడబలుక్కున్న మాట 'ఓడ'. రెండోది 'ఉరి'.

రాసినవాళ్ళు ఎంతమందైనా యావ ఒకటే. ఆమె ఆడదని బయటపడే చోట చొక్కా చిరగాల్సిందే. ఒక పుస్తకంలో గాలికి, ఒక దాంట్లో కత్తికి, ఇంకోదాంట్లో తనే చింపుకుంటుంది. ఎవత్తి కుట్టిందో కానీ చెయ్యి మంచిది కాదు అనేదాన్ని నేను. ఓడెందుకెక్కిందంటే ఒక మగాడి కోసం, దిగిందంటే ఇంకో మగాడి కోసం. అన్నిట్లోకీ పాతది ఒక లావు పుస్తకం, దాన్ని రాసినాయన వాళ్ళని మామగారిలా తిట్టేవాడు. తర్వాత రాసినవాళ్ళు ముద్దు చేశారు. కొత్తగా వచ్చినవి ఆకాశానికెత్తాయి. వాటిలో ఆమె దేనికీ బెదరదు, ఎవరి కోసమూ ఏడవదు. "తిట్టినాయనే నయం," అనేది ఓడలమ్మ. "ఆయనకి ఆమె మీద కోపమన్నా ఉంది."

తనకు కావలసింది వేరు. ఓడలో ఎక్కడ పడుకుంది, బట్టలు ఎక్కడ ఉతుక్కుంది, నెలసరి వస్తే ఏం చేసింది, జ్వరమొస్తే ఎవరు చూశారు, వాన పడుతుంటే ఎవరు గుర్తొచ్చారు. ఒక్కరూ రాయలేదు. ఎక్కడో తూర్పున ఒకామె మొగుడు పోయాక వందల ఓడల్ని ఏలి, చివరికి ముసలిదై కన్ను మూసిందట. ఆ ముక్క ఓడలమ్మకి ప్రాణం. "మా అమ్మ కూడా ఇలాగే మంచం మీద పోయుంటుంది, చుట్టూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు," అని నా ముఖంలోకి చూసేది. ఉండే ఉంటారులే అనేదాన్ని.

కానీ మళ్ళీ మళ్ళీ చదివేది మాత్రం ఒకే ఒక్క వాక్యం. అది ఆ లావు పుస్తకంలోది. ఇద్దరు ఆడ దొంగలు పట్టుబడతారు, ఉరి వేస్తామంటే కడుపుతో ఉన్నామని చెప్పి ఆపించుకుంటారు. ఒకామె జైల్లోనే జ్వరంతో పోతుంది. రెండో ఆమె ఏమైందో ఎవరికీ తెలియదు. ఆ రెండో ఆమె గురించి అంతకు ముందెప్పుడో ఒక మాట ఉంటుంది, ఒక బిడ్డను కని, ఒడ్డున తెలిసినవాళ్ళ దగ్గర దించి, తిరిగి ఓడెక్కింది అని. అంతే. ఆ తర్వాతి వాక్యంలో ఫిరంగులు పేలతాయి.

బిడ్డ ఏమైంది? అదే ఆమె అడిగేది. ఒడ్డున ఎవరి చంకలో ఉంది, ఏమన్నా తిన్నదా, ఎవరన్నా ఏమన్నా చెప్పారా? కళ్ళజోడాయన మంచి మనిషి, వెతికి వెతికి తెప్పించాడు. ఒక పుస్తకంలో బిడ్డ పోయింది. ఇంకోదాంట్లో తాతగారు వచ్చి తీసుకుపోయాడు. మరోదాంట్లో అసలు బిడ్డే లేదు. ఇదేం చోద్యమని అడిగితే, "అన్నీ ఆ పాత పుస్తకంలోంచి వచ్చినవేనమ్మా. అందులో ఉన్నది ఆ ఒక్క ముక్కే, అది కూడా ఆయన ఎక్కడ విన్నాడో. మిగతాది ఎవరికి తోచింది వాళ్ళు కలిపారు," అన్నాడట.

ఆ రోజు ఆమె కోపం చూడాలి. "తెలియకపోతే తెలియదని రాయొచ్చు కదా. తల్లీపిల్లల మధ్య వీళ్ళెవరు దూరడానికి?" అని దబ్బనం గుడ్డలోకి దిగేసింది. అప్పటినుంచి చదువుతూ చదువుతూ ఠక్కున ఆపేసేది. "ఇక్కడిదాకా పుస్తకం. ఇక్కణ్ణుంచి వాడి నోరు," అని మూసేసేది. కథ మంచి పట్టులో ఉండేది, తర్వాత ఏమైందో చెప్పవే అని బతిమాలేవాళ్ళం. కలిపింది చదవను అనేది. మా షెడ్డులో ఎవరైనా ఊసుపోక ఒక మాట కల్పించి చెప్పినా ఊరుకునేది కాదు, కలిపావు అని వేలు చూపించేది.

ఈలోగా ఓడలమ్మకి పెళ్ళయింది. ఐసు ఫ్యాక్టరీలో పని చేసే మనిషి, మాట తక్కువ, నవ్వు ఎక్కువ. ఒక కూతురు. ఆ పిల్లను ఒక్క పూట వదిలేది కాదు. షెడ్డులో బల్ల కింద టార్పాలిన్ తోనే ఉయ్యాల కట్టింది. మేస్త్రీ ముఖం చిట్లించేవాడు కానీ పాత గొడవ గుర్తుండి నోరు విప్పలేదు.

పిల్ల నడిచే వయసులో ఒక పని వచ్చింది. ఒక పెద్ద పడవకు చాప కుట్టి ఇచ్చాం, అది సరిగ్గా కుదరలేదు. పడవవాడికి ఆగే తీరిక లేదు. ఇద్దరు ఎక్కి దారిలో సరి చేసి, పక్క రేవులో దిగి బస్సులో రండి అన్నాడు. మేస్త్రీ మా ఇద్దర్నీ పొమ్మన్నాడు. ఓడలమ్మ రానంటే రానంది. "పుస్తకాల్లో అన్ని సముద్రాలూ ఈదావు, పక్క రేవుకి రావా?" అని మేస్త్రీ ఎగతాళి చేశాడు. అందుకే వచ్చిందో ఇంకెందుకు వచ్చిందో, వచ్చింది.

ఐసు ఫ్యాక్టరీ ఆయన పిల్లనెత్తుకుని గట్టు మీదికి వచ్చాడు. పడవ కదలగానే పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఓడలమ్మ ఒడ్డుకు వీపు పెట్టి కూర్చుని దారానికి మైనం రాస్తోంది. "పిల్ల ఏడుస్తోందే, ఒక్కసారి చెయ్యి ఊపు," అన్నాను. వినలేదు. ఇంకోసారి అన్నాను. రాసిన దారానికే మళ్ళీ రాసింది. చివరికి తన బదులు నేనే ఊపాను, భుజం పీకేదాకా. "నీది గుండేనా, టార్పాలినా?" అని కూడా అడిగాను. గట్టు కనుమరుగయ్యేదాకా తల తిప్పలేదు.

తర్వాత లేచి, తెరచాప కొయ్య పట్టుకుని నిలబడి, సముద్రం వైపు చూసింది. ఆకలితో ఉన్న మనిషి పక్కవాళ్ళ విస్తరి వైపు చూస్తూ, చూస్తున్నట్టు తెలియకూడదనుకుంటుందే, అలా చూసింది. ఇక అక్కణ్ణుంచి పడవవాళ్ళని నిలవనివ్వలేదు. ఎక్కడ పడుకుంటారు, తడిసిన బట్టలు ఎక్కడ ఆరేస్తారు, ఒంట్లో బాగోకపోతే ఎలా? పుస్తకాలు చెప్పనివన్నీ అడిగింది. అప్పటికి కట్టుకున్న పాత చాప గాలికి ఒక్కసారి నిండి పడవ పక్కకి ఒరిగితే నేను దేవుణ్ణి తలుచుకున్నాను. ఆమె పకపకా నవ్వింది. అంత నవ్వు ఆమె దగ్గర ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మధ్యలో మా కుట్లు కలిశాయి. కడుపు వచ్చింది. విప్పి మళ్ళీ వేశాం.

తిరిగొచ్చి పిల్లను చంకనేసుకున్నది రెండు రోజులు దించలేదు. పడవ పని మళ్ళీ చాలాసార్లు వచ్చింది, ఎన్నిసార్లు అడిగినా వెళ్ళలేదు. సముద్రమంటే అంత పడి చస్తావు కదా, ఎందుకు వెళ్ళవని ఒకసారి అడిగాను.

"బాగుంది అక్కా," అంది. "అందుకే."

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. మిషన్లొచ్చాయి, మేస్త్రీ పోయాడు, మా వేళ్ళు వంకర్లు తిరిగాయి. ఓడలమ్మ కూతురి ఇంట్లో ఉంటోంది. కూతురు బంగారం, తల్లిని కాలు కింద పెట్టనివ్వదు. అల్లుడు కూడా ఫరవాలేదు. ఓడలమ్మ కళ్ళు మాత్రం పూర్తిగా పోయాయి. కళ్ళజోడాయన కొట్టు మూసేటప్పుడు ఆ లావు పుస్తకం ఆమెకే ఇచ్చేశాడు. టార్పాలిన్ తొడుగుతోనే ఉంది ఇంకా. మధ్యాహ్నాలు నేను వెళ్ళి చదివి వినిపిస్తాను. నా చదువు ఎలాంటిదో తెలుసుగా, అక్షరం అక్షరం పట్టుకుని ఈడుస్తాను. నేను ఒక మాట దగ్గర తడుముకునేలోపు ఆమె తర్వాతి రెండు మాటలు చెప్పేస్తుంది. అన్నీ వచ్చినదానివి నన్నెందుకు ఏడిపిస్తావు అంటే, నీ నోటితో వినాలి అంటుంది.

మొన్న ఆ వాక్యం దగ్గరికి వచ్చాం. కూతురు లోపల ఏదో సర్దుకుంటోంది. నేను చదివాను: ఒక బిడ్డను కని, ఒడ్డున తెలిసినవాళ్ళ దగ్గర దించి, తిరిగి ఓడెక్కింది. ఊపిరి పీల్చుకుని ఫిరంగుల మీదికి పోబోతుంటే, ఓడలమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"అక్కడ ఆగు అక్కా. ఒక మాట కలుపు."

నేను విన్నది నిజమేనా అని ఆమె ముఖంలోకి చూశాను. "కలపకూడదని మా అందరి నోళ్ళూ మూయించినదానివి, నువ్వేనా?"

"నేనే. ఈ ఒక్కసారికి కలుపు."

"ఏమని?"

లోపల కూతురి గాజుల చప్పుడు వినిపించేదాకా ఆగి, అటువైపు ముఖం తిప్పి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఓడ కదిలేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూడలేదు అని చదువు. చూస్తే దిగిపోతానని తెలిసే చూడలేదు అని చదువు. పుస్తకంలో రాయొద్దు. అక్కడ రాసి ఉన్నట్టే, కూడబలుక్కుంటూ చదువు."